కుక్కకు ఆపరేషన్ అయ్యాక తిమ్మిరి మందు, కుట్లు: ఇంటికొచ్చాక ఏం చేయాలి?

"కోత దగ్గర తిమ్మిరి ఇంజెక్షన్ కూడా వేశామని డాక్టర్ చెప్పారు. దానివల్ల గాయం ఆలస్యంగా మానుతుందా?" కుక్కకు ఆపరేషన్ చేయించినవాళ్ళు పదే పదే అడిగే ప్రశ్న ఇది. ఒకటి రెండు రోజులు పోయాక ఇంకోటి వస్తుంది: "పాపం, నొప్పితో మూలుగుతోంది. ఇంట్లో జైలోకెయిన్ జెల్ ఉంది. కుట్ల మీద కాస్త రాయొచ్చా?"

మొదటి ప్రశ్నకు జవాబు: భయపడక్కర్లేదు. రెండో దానికి: రాయకండి. రెండింట్లోనూ ఉన్నది ఒకే రకం మందే. కానీ డాక్టర్ బరువు చూసి, కొలిచి, ఒక్కసారి వేసే ఇంజెక్షన్ వేరు. ఇంట్లో అంచనాగా పూటపూటా పూసే జెల్ వేరు.

ఈ భయం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పి అసలు పనిలోకి వెళ్దాం. ప్రయోగశాలలో కణాలను గాఢమైన లిగ్నోకెయిన్‌లోనో (జైలోకెయిన్ జెల్‌లో ఉండే తిమ్మిరి మందు ఇదే), బుపివకెయిన్‌లోనో (ఇది ఇంకో తిమ్మిరి మందు) ఉంచితే, గాయాన్ని పూడ్చే కణాల ఎదుగుదల మందగిస్తుంది. గాఢత పెరిగేకొద్దీ, మందులో ఉన్న సమయం పెరిగేకొద్దీ హాని కూడా పెరుగుతుంది. అది నిజమే. కానీ బతికున్న కుక్క ఒంట్లో రక్తం పారుతూ ఉంటుంది కదా, కోత పక్కన వేసిన మందు కొన్ని గంటల్లో అక్కణ్ణుంచి వెళ్ళిపోతుంది. గాయం మానే పని మాత్రం వారాల తరబడి సాగుతుంది. అందుకే సరైన మోతాదులో ఒక్కసారి వేసిన తిమ్మిరి మందు కుట్లను చెడగొట్టడం మామూలుగా చూడం. నొప్పిని వదిలేస్తేనే నష్టం ఎక్కువ. నొప్పితో ఉన్న కుక్క తినదు, పడుకోదు, గాయాన్ని కొరుక్కుంటుంది. ఒంట్లో ఒత్తిడి హార్మోన్లు పెరిగి మానడం కూడా వెనకపడుతుంది.

అసలు జాగ్రత్త పడాల్సింది వేరే చోట. తిమ్మిరి ఉన్నంతసేపు కుక్కకు అక్కడ కోత ఉందనే తెలియదు, గెంతుతుంది. తిమ్మిరి దిగగానే ఒక్కసారిగా తెలుస్తుంది, నాకుతుంది. ఈ రెండు సమయాల్లోనూ కుట్లు తెగే ప్రమాదం ఉంది. కింద చెప్పినవి పిల్లలు పుట్టకుండా చేసే గర్భసంచి ఆపరేషన్‌ను దృష్టిలో పెట్టుకుని రాశాను. కణితి తీసినా, వృషణాలు తీసినా, పెద్ద గాయానికి కుట్లు వేసినా చాలావరకు ఇవే వర్తిస్తాయి.

ముందే తెచ్చి పెట్టుకోవాల్సినవి

- మెడకు తొడిగే ప్లాస్టిక్ కోన్. దాని అంచు ముక్కు కొస కంటే రెండు మూడు అంగుళాలు ముందుకు ఉండాలి. మెడ దగ్గర మీ రెండు వేళ్ళు దూరేంత వదులు చాలు.
- మలద్వారంలో పెట్టి జ్వరం చూడటానికి డిజిటల్ థర్మామీటర్, దాని కొసకు రాయడానికి కొద్దిగా వాసెలిన్. ఇది కుక్కకే విడిగా ఉంచండి.
- 100 మిల్లీలీటర్ల నార్మల్ సెలైన్ సీసా ఒకటి, మందుల షాపులో దొరికే స్టెరైల్ గాజ్ ప్యాకెట్లు.
- ఉతికి ఎండలో ఆరేసిన పాత కాటన్ దుప్పట్లు నాలుగైదు.
- పొట్టి తాడు లేదా లీష్. పొడవుగా సాగే రకం ఈ రెండు వారాలూ వద్దు.
- ఒక కాగితం, పెన్ను, ఫోన్ కెమెరా.

ఆస్పత్రి నుంచి కదిలే ముందు అడగాల్సినవి

వీటికి జవాబులు కాగితం మీద రాయించుకోండి. డిశ్చార్జ్ టెన్షన్‌లో విన్నది ఇంటికొచ్చేసరికి గుర్తుండదు.

- ఏ తిమ్మిరి మందు వేశారు, ఎన్ని గంటలకు వేశారు?
- నొప్పి తగ్గే ఇంజెక్షన్ కూడా ఇచ్చారా? ఇస్తే ఇంట్లో మొదటి మాత్ర లేదా సిరప్ ఎన్ని గంటలకు మొదలుపెట్టాలి?
- కుట్లు కరిగిపోయేవా, తీయించాల్సినవా? తీయించాల్సినవైతే ఏ రోజు రావాలి?
- రాత్రిపూట ఇబ్బంది వస్తే ఏ నంబరుకు ఫోన్ చేయాలి?

మందు పేరు ఎందుకంటే, లిగ్నోకెయిన్ కొన్ని నిమిషాల్లోనే పనిచేసి గంట నుంచి రెండు గంటలు ఉంటుంది. బుపివకెయిన్ అందుకోవడానికి కాస్త ఎక్కువసేపు పడుతుంది గానీ నాలుగు నుంచి ఆరు గంటలు, ఒక్కోసారి ఎనిమిది గంటల దాకా పనిచేస్తుంది. అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళు ఇంకో పేరు వినవచ్చు: నొసిటా. బుపివకెయిన్‌ను సన్నని కొవ్వు బుడగల్లో నింపి, నెమ్మదిగా వదిలేలా చేసిన మందు అది. కుక్క మోకాలి లిగమెంట్ ఆపరేషన్‌కు వాడేందుకు అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లో అనుమతి ఇచ్చింది. దాని ప్రభావం 72 గంటల దాకా ఉంటుంది. ఆ మందు వేశాక కుక్క మూడు రోజులు హుషారుగా తిరుగుతుంటే "మానిపోయింది" అనుకుని వదిలేయకండి. మానలేదు, నొప్పి తెలియడం లేదు, అంతే.

1. ఆస్పత్రిలోనే కోన్ తొడిగించండి

"ఇంటికెళ్ళాక పెడతాం లెండి" అనొద్దు. కారు వెనక సీట్లోనో ఆటోలోనో అరగంట చాలు, చర్మం పైకుట్లు రెండు లాగేయడానికి. అప్పటికి తిమ్మిరి ఇంకా ఉంటే కుట్టు లాగినా దానికి నొప్పి తెలియదు, కాబట్టి మధ్యలో ఆపదు కూడా.

కోన్‌తో నడవలేక గోడలకు గుద్దుకుంటుంటే చాలామంది జాలిపడి తీసేస్తారు. ఒక పూటలో అలవాటవుతుంది, ఓపిక పట్టండి. అసలు ఒప్పుకోకపోతే ఒంటికి తొడిగే సర్జికల్ సూట్ వాడొచ్చు. చిన్న కుక్కకైతే శుభ్రమైన కాటన్ బనియన్ వేసి వెనక ముడి వేయొచ్చు. అయితే బనియన్ మూత్రంతో తడిస్తే వెంటనే మార్చాలి, రోజుకు రెండుసార్లు విప్పి గాయం చూడాలి. కాలి మీద, తోక దగ్గర కుట్లుంటే బనియన్ పనికిరాదు, కోన్ ఒక్కటే దారి.

2. తిమ్మిరి దిగే వేళ లెక్కగట్టి, నొప్పి మందు దానికి ముందే పడేలా చూడండి

ఉదయం 11 గంటలకు బుపివకెయిన్ వేశారనుకోండి. మధ్యాహ్నం 3 నుంచి సాయంత్రం 7 లోపు తిమ్మిరి దిగుతుంది. ఆ సమయాన్ని కాగితం మీద గుండ్రంగా చుట్టి పెట్టండి. ఆ వేళకు నొప్పి మందు ఒంట్లో పనిచేస్తూ ఉండాలి. ఆస్పత్రిలో నొప్పి ఇంజెక్షన్ ఇచ్చి ఉంటే, ఏ మందన్నదాన్ని బట్టి అది మర్నాటి దాకా కూడా సరిపోవచ్చు. అప్పుడు ఇంట్లో మళ్ళీ మాత్ర వేస్తే డోసు రెట్టింపవుతుంది. డాక్టర్ రాసిచ్చిన వేళ తప్పితే మీ అంతట మీరు ముందుకు జరపకండి.

కుక్క మూలిగేదాకా ఆగి మందు వేయడం చాలా ఇళ్ళల్లో చేసే పొరపాటు. నొప్పి ముదిరాక తగ్గించడం కష్టం. రాసినన్ని రోజులూ, రాసిన వేళకే వేయండి.

మనుషుల నొప్పి మాత్రలు వేయకండి. ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, వీటిలో ఏదైనా కలిసిన మాత్ర ముక్క అయినా సరే, కుక్క కడుపులో పుండ్లు చేయగలదు, కిడ్నీలను దెబ్బతీయగలదు. పారాసెటమాల్ కూడా మీ అంచనాతో ఇచ్చేది కాదు. కుక్క ఇప్పటికే స్టెరాయిడ్ మాత్రలు వాడుతుంటే ఆ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పాలి. స్టెరాయిడ్, నొప్పి మాత్ర రెండూ కలిస్తే కడుపులో రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది.

3. మొదటి రాత్రి

మత్తు పూర్తిగా దిగని కుక్క తూలుతుంది. మంచం, సోఫా, మెట్లు, డాబా అన్నీ అందకుండా చేసి, నేల మీద దుప్పటి పరిచి పడుకోబెట్టండి. ఫినాయిల్‌తో తుడిచిన తడి నేల మీద పడుకోనివ్వకండి, కోతకు ఆ మంట తగులుతుంది.

మత్తులో ఒళ్ళు చల్లబడుతుంది. దుప్పటి కప్పండి, ఫ్యాన్ గాలి నేరుగా తగలకుండా చూడండి. వేడినీళ్ళ సీసాగానీ హీటింగ్ ప్యాడ్‌గానీ పొట్టకు ఆనించి పెట్టకండి. తిమ్మిరి ఉన్న చర్మానికి వేడి తెలియదు, మత్తులో పక్కకు జరగదు, బొబ్బ లేచేదాకా అలాగే పడుకుంటుంది. ఐస్ విషయంలోనూ అంతే. డాక్టర్ ఐస్ కాపడం పెట్టమంటే తిమ్మిరి దిగాకే, మధ్యలో మందపాటి గుడ్డ వేసి, ఒక్కోసారికి 5 నుంచి 10 నిమిషాలు.

బాగా మెలకువ వచ్చి, తల నిలబెట్టాక కొద్దికొద్దిగా నీళ్ళు పట్టండి. వాంతి కాకపోతే మామూలుగా తినేదాంట్లో సగం పెట్టండి.

మధ్యమధ్యలో లేచి చూడండి. నిద్రలో ఊపిరి ప్రశాంతంగా, నిమిషానికి 30 లోపు ఉండాలి. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్ళు గులాబీ రంగులో ఉండాలి. చిగురును వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటికి రెండు సెకన్లలోపే రంగు తిరిగి రావాలి. చిగుళ్ళు పాలిపోయి, కుక్క లేవలేకపోతుంటే లోపల రక్తం పోతోందేమో అని అనుమానించాలి. తెల్లవారేదాకా ఆగొద్దు.

మెలకువ వస్తూ కాసేపు కూయడం, అరవడం మత్తు వల్ల కూడా జరుగుతుంది. నొప్పో మత్తో ఎలా తెలుస్తుంది? పక్కన కూర్చుని పేరు పెట్టి పిలిచి, తల నిమిరితే మత్తులో ఉన్న కుక్క మెల్లగా సర్దుకుంటుంది. నొప్పితో ఉన్నది సర్దుకోదు. పడుకోబోయి మళ్ళీ లేస్తుంది, వెన్ను వంచి నిలబడుతుంది, వణుకుతుంది, పొట్టవైపు పదే పదే తిరిగి చూస్తుంది, కోత పక్కన చెయ్యి పెడితే బిగుసుకుంటుంది లేదా గుర్రుమంటుంది. కొన్ని కుక్కలు అసలు నోరు విప్పవు, మూల చూసుకుని ముడుచుకుంటాయి. అరవడం లేదు కాబట్టి నొప్పి లేదు అనుకోకండి.

4. రోజుకు రెండుసార్లు గాయాన్ని చూడండి, ఒకసారి ఫొటో తీయండి

ఒకే చోట, ఒకే వెలుతురులో, ఒకే దూరం నుంచి ఫొటో తీయండి. రోజూ చూసే కంటికి వాపు పెరిగింది తెలియదు, ఫొటోలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. ఫోన్‌లో డాక్టర్‌కు పంపడానికీ పనికొస్తుంది.

మామూలుగా మానుతున్న కోత ఇలా ఉంటుంది. మొదటి రోజు అంచులు రెండూ కలిసి లేత ఎరుపుగా, కొద్దిగా ఉబ్బి ఉంటాయి. పలచని గులాబీ రంగు నీరు ఒకటి రెండు చుక్కలు దుప్పటికి అంటవచ్చు. రెండు మూడు రోజులు చుట్టూ కమిలిన నీలం మచ్చ ఉండొచ్చు. అయిదో రోజుకు అటూ ఇటుగా, శుభ్రమైన వేలితో కోత పక్కన చాలా తేలిగ్గా తడిమితే, చర్మం కింద సన్నని గట్టి గీత పొడుగునా తగులుతుంది. దాన్ని గడ్డ అనుకుని కంగారు పడతారు. లోపల కొత్త కణజాలం అల్లుకుంటోందనడానికి గుర్తు అది. ఎక్కడా తెగకుండా, కోత పొడవునా సమానంగా ఉండాలి. ఎరుపు రోజురోజుకూ తగ్గాలి, పెరగకూడదు.

మొదటి నాలుగైదు రోజులు గాయాన్ని పట్టి ఉంచేది కుట్లు మాత్రమే, దానికి సొంత బలం దాదాపు ఉండదు. మూడు వారాలకు కూడా చివరకు రాబోయే బలంలో అయిదో వంతు దాకానే వస్తుంది. పైకి చర్మం అతుక్కున్నట్టు కనిపిస్తుంది కాబట్టి మోసపోతాం.

5. శుభ్రం చేయడం: అవసరమైతేనే

పొడిగా ఉన్న కోతను ముట్టుకోకండి. మట్టి అంటినా, రసి ఎండి పక్కు కట్టినా గాజ్‌ను సెలైన్‌తో తడిపి, రుద్దకుండా అద్దండి. తర్వాత పొడి గాజ్‌తో అద్దండి. అంతకుమించి అక్కర్లేదు. డాక్టర్ ఏదైనా స్ప్రే లేదా ఆయింట్‌మెంట్ రాస్తే అది రాసినట్టే వాడండి.

పసుపు, కొబ్బరినూనె, డెటాల్, హైడ్రోజన్ పెరాక్సైడ్, స్పిరిట్ వద్దు. పసుపు మీద మనకున్న నమ్మకం నాకు తెలుసు. కానీ వంటింటి డబ్బాలో పసుపు స్టెరైల్ కాదు. కుట్ల మధ్య అట్టకట్టి చీము పట్టినా కనిపించనివ్వదు, పైగా కుక్కకు నాకబుద్ధి పుట్టిస్తుంది. పెరాక్సైడ్, చిక్కటి డెటాల్ కొత్తగా పుట్టే కణాలనే మాడుస్తాయి.

కుట్లు తీసేదాకా స్నానం వద్దు. ఆ తర్వాతా రెండు మూడు రోజులు ఆగండి.

6. జెల్ ఎందుకు రాయకూడదో లెక్కతో చూడండి

కుక్కల్లో లిగ్నోకెయిన్ ఇంజెక్షన్‌కు డాక్టర్లు పాటించే పైహద్దు సుమారుగా కిలో బరువుకు 4 నుంచి 6 మిల్లీగ్రాములు. బుపివకెయిన్‌కైతే 2 మిల్లీగ్రాములు. ఇప్పుడు మీ ఇంట్లో ఉన్న ట్యూబు చూడండి. 2 శాతం జెల్ అంటే గ్రాముకు 20 మిల్లీగ్రాములు. 30 గ్రాముల ట్యూబులో 600 మిల్లీగ్రాములు. 5 కిలోల పామెరేనియన్‌కు పైహద్దు 30 మిల్లీగ్రాములు, అంటే గ్రామున్నర జెల్. వేలికొస మీద రెండు మూడుసార్లు పిండితే అంత వస్తుంది. 5 శాతం ఆయింట్‌మెంట్ అయితే అర గ్రాము కాస్త దాటితేనే చాలు. కుక్క నాకి మింగింది మొత్తం రక్తంలోకి చేరదు, నిజమే. కానీ తెరుచుకున్న గాయం మీద రాసింది ఎంత లోపలికి పోతుందో, ఎంత నాకిందో ఎవరూ కొలవలేరు. నాలుక, గొంతు మొద్దుబారితే నీళ్ళు తాగుతూ పొలమారుతుంది. అన్నిటికంటే, పూటపూటా రాస్తే గాయంలోని కణాలు ఆ మందులోనే నానుతూ ఉంటాయి. మొదట్లో చెప్పిన ప్రయోగశాల భయం నిజంగా వర్తించేది ఇక్కడ.

గొంతు నొప్పికీ, దురదకూ వాడే బెంజోకెయిన్ స్ప్రేలు, క్రీములు ఇంకా ప్రమాదం. రక్తం ఆక్సిజన్ మోసే శక్తిని దెబ్బతీస్తాయి, చిగుళ్ళు గోధుమ రంగుకు తిరుగుతాయి.

ఇప్పటికే రాసేశారా? సెలైన్ గాజ్‌తో తుడిచేయండి, కోన్ పెట్టండి, ఎంత రాశారో డాక్టర్‌కు ఫోన్ చేసి చెప్పండి. చొంగ కారడం, వాంతి, కండరాలు అదరడం, తూలడం, ఫిట్స్ కనిపిస్తే ట్యూబు కూడా పట్టుకుని ఆస్పత్రికి వెళ్ళండి. ఉప్పునీళ్ళు పట్టి కక్కించే ప్రయత్నం చేయకండి. ఆ ఉప్పే విషమవుతుంది.

నొప్పి తగ్గడం లేదనిపిస్తే చేయాల్సింది ఒకటే, డాక్టర్‌ను అడిగి మందు మార్పించడం. కుక్కలకు నొప్పి మందులు ఒకటి కాదు, చాలా ఉన్నాయి.

7. నడక, ఆట, కుట్లు తీయించడం

పది నుంచి పద్నాలుగు రోజులు లీష్‌తో, నెమ్మదిగా, కాలకృత్యాలకు మాత్రమే. ఇంకో కుక్కతో ఆట, బంతి విసరడం, బండి ముందు కూర్చోబెట్టుకుని తిప్పడం అన్నీ ఆపండి. మూడో రోజుకే హుషారు వస్తుంది. ఇంట్లోవాళ్ళ పట్టు సడలేది కూడా అప్పుడే. మరీ ఆగని కుక్కకు తాత్కాలికంగా నెమ్మదిపరిచే మాత్ర ఉంటుంది, డాక్టర్‌ను అడగండి.

చర్మం పైకుట్లు సాధారణంగా 10 నుంచి 14 రోజుల మధ్య తీస్తారు. ఇంట్లో కత్తెరతో మీరు తీయకండి. అలాగని నెల దాకా వదిలేయకండి, దారం చుట్టూ చీము పడుతుంది.

ఎప్పుడు ఫోన్, ఎప్పుడు పరుగు

అదే రోజు ఫోన్ చేయాల్సినవి: ఎరుపు, వాపు నిన్నటి కంటే పెరిగాయి, కోత వేడిగా ఉంది, 24 గంటలు దాటాక కూడా రసి కారుతోంది, చీము, దుర్వాసన, ఒకటి రెండు కుట్లు ఊడాయి, జ్వరం 103 ఫారెన్‌హీట్ దాటింది (కుక్కకు మామూలే 101 నుంచి 102.5 ఉంటుంది, మన 98.6తో పోల్చి భయపడకండి), రోజంతా తినలేదు. మెత్తగా, నొప్పిలేకుండా నీటిసంచిలా ఉబ్బితే అది ఎక్కువగా లోపల నీరు చేరడమే. ఎక్కువగా గెంతిన కుక్కల్లో వస్తుంది. సూదితో పొడవకండి, నొక్కకండి. చాలావరకు దానంతటదే ఇంకిపోతుంది. కానీ పొట్ట కండరం కుట్లు విడిపోయినా పైకి ఇలాగే కనిపించొచ్చు, అందుకే ఒకసారి చూపించాలి.

వెంటనే బయల్దేరాల్సినవి: కోత తెరుచుకుని లోపలి కొవ్వో పేగో కనిపించడం, ఆగని రక్తం, పాలిపోయిన చిగుళ్ళు, ఫిట్స్. పేగు బయటికొస్తే లోపలికి నెట్టకండి. సెలైన్‌తో తడిపిన శుభ్రమైన గుడ్డ కప్పి, కోన్ ఉంచి, దుప్పటిలో ఎత్తుకుని తీసుకెళ్ళండి.

వీధికుక్కను మీరే ఆపరేషన్‌కు తీసుకెళ్తే

కోన్ పెట్టి వీధిలో వదల్లేరు కాబట్టి, మానేదాకా ఎక్కడ ఉంచాలో ముందే ఆలోచించండి. కార్ పార్కింగ్‌లో ఒక మూల, మేడ మీద గది, ఏదో ఒకటి కుదుర్చుకున్నాకే తీసుకెళ్ళండి. తీయించే అవసరం లేని కుట్లు వేయమని, ఎక్కువసేపు పనిచేసే నొప్పి ఇంజెక్షన్ ఇవ్వమని ముందే అడగండి. మత్తు, తిమ్మిరి రెండూ పూర్తిగా దిగకముందే వదిలితే తూలుతూ బండి కింద పడుతుంది, లేదా వీధిలోని మిగతా కుక్కలు మీద పడతాయి.

మన వేసవిలోనూ వానాకాలంలోనూ పెద్ద శత్రువు ఈగ. కోత మీద ఈగ వాలితే ఒకటి రెండు రోజుల్లో పురుగులు పడతాయి. చిన్న రంధ్రం, అందులోంచి పలచటి ఎర్రటి నీరు, ముక్కు మూసుకునేంత వాసన, కుక్క నిలవలేకపోవడం దాని గుర్తులు. అలా కనిపిస్తే కిరోసిన్, టర్పెంటైన్, ఫినాయిల్ పోయకుండా పట్టుకుని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. పొట్ట మీది కోతలో అవి లోపలికి దిగితే పురుగులకంటే ఎక్కువ నష్టం చేస్తాయి. ఉంచిన చోట దోమతెర కట్టి, రోజూ దుప్పటి మార్చి, తినగా మిగిలిన అన్నం వెంటనే తీసేస్తే ఈగల బెడద చాలావరకు తగ్గుతుంది. చుట్టూ పూసే ఈగల మందు ఏది వాడాలో డాక్టర్ చెబుతారు. అది కోత మీద కాదు, దాని చుట్టూ, కోన్ ఉన్నప్పుడే.